ఒకే పాట, రెండు గొంతులు, ఒక్కటే పేరు

రాక్ అండ్ రోల్ అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చే పేరు ఎల్విస్ ప్రెస్లీ. అతని పాట ఒకటి చెప్పమంటే 'హౌండ్ డాగ్' అంటారు. జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో, క్విజ్ పోటీల్లో ఈ రెండు పేర్లూ జంటగానే కనిపిస్తాయి. "హౌండ్ డాగ్ పాడిందెవరు?" అన్న ప్రశ్నకి "ఎల్విస్" అని రాస్తే చాలు, మార్కు పడిపోతుంది. జవాబు తప్పేమీ కాదు. ఎల్విస్ ఆ పాట పాడిన మాట నిజమే. కానీ అతనికంటే దాదాపు నాలుగేళ్ళ ముందే ఒకావిడ ఆ పాట పాడింది. ఆవిడ పేరు విల్లీ మే థార్న్‌టన్. జనం ఆమెని 'బిగ్ మామా' అని పిలిచేవాళ్ళు.

ఈ రెండు రికార్డులూ పక్కపక్కన పెట్టుకుని విని, ఏది బాగుంది, ఎందుకు బాగుంది అని చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను. దాంతోపాటు, ఒక పాట 'ఎవరిది' అని అడిగితే ఆ ఒక్క ప్రశ్నలో ఎన్ని ప్రశ్నలు దాక్కుని ఉంటాయో కూడా చూద్దాం. డెబ్బై ఏళ్ళ కిందటి అమెరికా గొడవ మనకెందుకు అనుకోకండి. పాటలు చేతులు మారడం, పాడినవాళ్ళ పేర్లు మధ్యలో రాలిపోవడం అన్ని దేశాల్లోనూ ఉంది. తమిళనాట ఉంటూ తెలుగు బడిలో చదువుకునే మనకైతే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఎందుకో చివర్లో చెబుతాను.

పాట పుట్టుక

అది 1952. లాస్ ఏంజెలెస్ నగరంలో జెర్రీ లీబర్, మైక్ స్టోలర్ అని ఇద్దరు కుర్రాళ్ళు ఉండేవాళ్ళు. ఇద్దరికీ అప్పుడు 19 ఏళ్ళు. అంటే మన పదో తరగతి వాళ్ళకంటే నాలుగేళ్ళే పెద్ద. లీబర్ మాటలు రాస్తాడు, స్టోలర్ బాణీ కడతాడు. ఇద్దరూ తెల్లవాళ్ళే, యూదుల ఇళ్ళలో పుట్టినవాళ్ళు. కానీ వాళ్ళు ప్రాణంగా ప్రేమించింది నల్లజాతివాళ్ళ బ్లూస్ సంగీతాన్ని. బ్యాండు నడిపే జానీ ఓటిస్ ఒకరోజు వాళ్ళని పిలిచి, తన దగ్గరున్న గాయకులని చూసి వాళ్ళకి తగిన పాటలు రాయమన్నాడు. అక్కడే వాళ్ళు థార్న్‌టన్‌ని చూశారు.

థార్న్‌టన్ 1926లో అలబామా రాష్ట్రంలో పుట్టింది. తండ్రి చర్చిలో బోధకుడు. తల్లి ఆమె చిన్నతనంలోనే పోయింది. పద్నాలుగో ఏట ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చే ఒక బృందంలో చేరిపోయింది. మౌతార్గాన్, డ్రమ్స్ ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, చూసి నేర్చుకుంది. మనిషి భారీగా ఉండేది, గొంతు ఇంకా భారీ. ఆమె పాడుతుంటే విన్న ఆ ఇద్దరు కుర్రాళ్ళూ వెంటనే వెళ్ళి ఆమె కోసమే ఈ పాట రాశారు. పావుగంట లోపే అయిపోయిందని తర్వాత వాళ్ళే చెప్పుకున్నారు.

పాటలో సంగతేమిటంటే, ఒక ఆడమనిషి తన ఇంటి చుట్టూ తిరిగే ఒక మగవాణ్ణి గుమ్మంలోంచే తరిమేస్తోంది. 'హౌండ్ డాగ్' అంటే వేటకుక్క. కానీ వాళ్ళ వాడుకలో, ఆడదాని సంపాదన మీద బతుకుతూ తోక ఆడించుకుంటూ వచ్చే మగవాడని అర్థం. మన వాళ్ళు 'తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు' అంటారే, సరిగ్గా అలాంటివాడు. నీ సంగతి నాకు తెలిసిపోయింది, ఇక నీకు ఇక్కడ కూడు పుట్టదు పో, అని ఆమె అంటోంది. పాటంతా ఇంతే.

పాట కట్టు కూడా సులువే. దీన్ని 'పన్నెండు బార్ల బ్లూస్' అంటారు. మన మాటల్లో చెప్పాలంటే పన్నెండు ఆవృత్తాలు, ఒక్కో దాంట్లో నాలుగు దెబ్బలు. మొదటి నాలుగు ఆవృత్తాల్లో ఒక మాట అంటారు. తర్వాత నాలుగింట్లో అదే మాట మళ్ళీ అంటారు, కింద శ్రుతులు మాత్రం మారతాయి. చివరి నాలుగింట్లో దానికి జవాబు లాంటి మాట వస్తుంది. అన్నమాటే మళ్ళీ అనడం ఎందుకు? ఎవరినైనా తిట్టేటప్పుడు మనం ఒక్కసారే అని ఊరుకుంటామా? రెండోసారి అన్నప్పుడే కదా అది గట్టిగా తగిలేది! బ్లూస్ పాట మనిషి మాట్లాడే తీరులోంచి పుట్టిందని దీన్ని బట్టే నాకు తెలిసింది.

మొదటి రికార్డు

1952 ఆగస్టు 13న లాస్ ఏంజెలెస్‌లో ఈ పాట రికార్డు చేశారు. థార్న్‌టన్ మొదట దీన్ని మెల్లగా, తియ్యగా పాడబోయిందట. అలా కాదు, కసిరినట్టు పాడాలి అని లీబర్ చెప్పాడు. అంత చిన్న తెల్లకుర్రాడు బ్లూస్ ఎలా పాడాలో తనకి చెప్పడం ఆమెకి నచ్చలేదు. ఓటిస్ సర్దిచెప్పి లీబర్‌నే ఒకసారి పాడి చూపించమన్నాడు. ఆ తర్వాత ఓటిస్ తానే డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. పీట్ లూయిస్ గిటార్ వాయించాడు.

ఇప్పుడు రికార్డు వినండి. ముందు వాయిద్యం ఏమీ ఉండదు. ఆమె గొంతే మొదలు. తలుపు తీస్తూనే తిట్టు మొదలుపెట్టినట్టు ఉంటుంది. వెనక చప్పట్లు, కాస్త ఊగుతూ నడిచే డ్రమ్స్. వేగం ఎక్కువ ఉండదు. తొందరేమీ లేదు ఆమెకి. ఇల్లు ఆమెది, గుమ్మం ఆమెది, పోవలసింది వాడు. అందుకే ప్రతి మాటనీ నిదానంగా, నమిలి ఉమ్మినట్టు పలుకుతుంది. ఒక మాట చివర గొంతు గరుకుగా రాసుకుంటుంది, ఇంకో మాట దగ్గర మూలుగుతుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది మధ్యలో గిటార్ వచ్చే భాగం. మామూలుగా అక్కడ గాయకులు పాట ఆపి ఊరుకుంటారు. ఈమె ఊరుకోదు. గిటార్ వాయించే అతనితో మాట్లాడుతూ, అరుస్తూ, అతన్ని ఉసికొల్పుతూనే ఉంటుంది. గిటార్ కూడా వంకరగా, వెటకారంగా ఆమెకి బదులు చెబుతుంది. ఇద్దరూ కలిసి ఆ బయట నిలబడ్డవాణ్ణి ఆట పట్టిస్తున్నట్టు ఉంటుంది. చివర్లో బ్యాండు వాళ్ళందరూ కుక్కల్లా ఊళలు వేస్తారు. వినేవాళ్ళకి నవ్వొస్తుంది. కోపం, నవ్వు రెండూ ఒకే పాటలో ఉండడం సులువు కాదు. మా వీధిలో నీళ్ళ కుళాయి దగ్గర పెద్దావిడలు ఎవరినైనా దులిపేసేటప్పుడు అలాగే ఉంటుంది. వాళ్ళు నిజంగా కోపంగానే ఉంటారు, చుట్టూ ఉన్నవాళ్ళు మాత్రం నవ్వాపుకోలేరు.

1953 మొదట్లో హ్యూస్టన్ నగరంలోని పీకాక్ కంపెనీ ఈ రికార్డు విడుదల చేసింది. నల్లజాతి సంగీతానికి బిల్‌బోర్డ్ పత్రిక వేసే 'రిథమ్ అండ్ బ్లూస్' జాబితాలో ఏడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ఆ పత్రిక 1949 దాకా ఆ జాబితాకి 'జాతి రికార్డులు' అనే పేరే వాడింది. పేరు మార్చారు గానీ గోడ మాత్రం తియ్యలేదు. తెల్లవాళ్ళు వినే పాటలకి వేరే జాబితా, నల్లవాళ్ళవి వేరే.

రెండో రికార్డు

ఇక ఎల్విస్ దగ్గరికి పాట ఎలా వచ్చింది? తిన్నగా రాలేదు. లాస్ వేగాస్‌లో ఫ్రెడ్డీ బెల్ అనే అతని బృందం ఈ పాటని తమాషాగా మార్చి పాడేది. ఆడమనిషి మగవాణ్ణి తరమడం అన్న సంగతి తీసేసి, కుందేలుని పట్టలేని కుక్క అని ఒక మాట చేర్చారు. దాంతో వేటకుక్క నిజంగానే వేటకుక్క అయిపోయింది. 1956లో వేగాస్‌లో పాడడానికి వెళ్ళిన ఎల్విస్ అది విని ఇష్టపడి, ఆ మాటలతోనే పాడడం మొదలుపెట్టాడు. మాటలు రాసిన లీబర్‌కి ఆ మార్పు నచ్చనే లేదు. అర్థం లేకుండా పోయిందన్నాడు.

1956 జూన్ 5న ఎల్విస్ టీవీలో మిల్టన్ బెర్ల్ కార్యక్రమంలో ఈ పాట పాడుతూ నడుము తిప్పాడు. పత్రికలు మండిపడ్డాయి. అందుకని జులై 1న స్టీవ్ అలెన్ కార్యక్రమంలో అతనికి పొడవాటి కోటు తొడిగి, ఎదురుగా ఒక కుక్కని కూర్చోబెట్టి దానికి పాడమన్నారు. జనం నవ్వారు. అతనూ నవ్వుతూనే పాడాడు గానీ, ఆ అవమానం అతని మనసులో ఉండిపోయింది. సరిగ్గా మర్నాడు, జులై 2న, న్యూయార్క్‌లో ఆర్‌సీఏ స్టూడియోలో ఈ పాట రికార్డు చేశారు. బాగా కుదిరేదాకా వదల్లేదు. 31 సార్లు పాడాడు.

ఈ రికార్డు కూడా గొంతుతోనే మొదలవుతుంది. కానీ ఇక్కడ నిదానం లేదు. మొదటి క్షణం నుంచే పరుగు. ఒక్కో చరణం అయ్యేసరికి డి.జె. ఫాంటానా డ్రమ్స్ మీద టపటపా దెబ్బలు కురిపిస్తాడు. దీపావళినాడు వెయ్యివాలా పేల్చినట్టు ఉంటుంది. స్కాటీ మూర్ గిటార్ గరుగ్గా కోస్తుంది. వెనక జోర్డనేర్స్ బృందం వంత పాడుతుంది. రెండు నిమిషాల పైచిలుకులో అంతా అయిపోతుంది. కాళ్ళు ఊపకుండా వినడం కష్టం. ఆ వేగం, ఆ గట్టితనం తర్వాత వచ్చిన ఎంతోమంది కుర్రాళ్ళకి గిటార్ పట్టుకోవాలనే ఆశ పుట్టించింది. కాబట్టి ఇది చెడ్డ రికార్డు అని నేను అనను.

కానీ ఒక ప్రశ్న. ఇతను ఎవరిని తిడుతున్నాడు? ఎందుకు తిడుతున్నాడు? మాటల్లో జవాబు లేదు. కుందేలుని పట్టలేదని కుక్క మీద అంత కోపం ఎవరికీ రాదు. గొంతులో మాత్రం కోపం నిజంగానే ఉంది. ముందురోజు రాత్రి కుక్కకి పాడించినవాళ్ళ మీది కోపం అందులో ఉందని నాకనిపిస్తుంది. అంటే కోపం పాట బయటి నుంచి వచ్చింది. థార్న్‌టన్ పాటలో కోపమూ మాటా ఒక్కచోటే పుట్టాయి. ఎల్విస్ పాటలో కోపం ఒక దారి, మాటలు ఒక దారి. మొదటిదాంట్లో ఒక మనిషి కనిపిస్తుంది, ఆమె ఇల్లు కనిపిస్తుంది, బయట తల గోక్కుంటూ నిలబడ్డవాడు కూడా కనిపిస్తాడు. రెండోదాంట్లో ఉత్సాహం ఒక్కటే వినిపిస్తుంది. ఒళ్ళు ఊగాలంటే రెండోది చాలు. ఒక మనిషి సంగతి వినాలంటే మొదటిదే కావాలి. నన్ను ఒక్కటే ఎంచుకోమంటే థార్న్‌టన్ రికార్డునే ఎంచుకుంటాను.

లెక్కల పుస్తకం

ఎల్విస్ రికార్డుకి రెండోవైపు 'డోంట్ బీ క్రూయల్' అనే పాట ఉంది. ఆ రెండు పాటల రికార్డు పదకొండు వారాలు దేశంలో మొదటి స్థానంలో ఉంది. పాప్, కంట్రీ, రిథమ్ అండ్ బ్లూస్ మూడు జాబితాల్లోనూ పైకెక్కింది. థార్న్‌టన్ దాటలేని గోడని ఎల్విస్ దాటాడు.

మరి డబ్బు ఎవరికి వచ్చింది? ఈ పాట మొత్తానికీ తనకి ముట్టింది 500 డాలర్ల చెక్కు ఒక్కటేననీ, ఆ తర్వాత ఇంకేమీ రాలేదనీ థార్న్‌టన్ చెప్పింది. పాట రాసిన కుర్రాళ్ళకి కూడా పీకాక్ కంపెనీ ఇచ్చిన చెక్కు చెల్లలేదట. కానీ వాళ్ళకి ఎల్విస్ వల్ల దశ తిరిగింది. దాని మీద ఒక తమాషా కథ ఉంది. 1956 జులైలో స్టోలర్ 'ఆండ్రియా డోరియా' అనే ఓడలో యూరప్ నుంచి తిరిగొస్తుంటే ఆ ఓడ ఇంకో ఓడని గుద్దుకుని మునిగిపోయింది. అతన్ని రక్షించి న్యూయార్క్ చేర్చారు. రేవులో ఎదురుచూస్తున్న లీబర్ చెప్పిన వార్త ఏమిటంటే, మన హౌండ్ డాగ్ పెద్ద హిట్టయింది, ఎల్విస్ ప్రెస్లీ పాడాడు అని. ఎవరు ఆ ఎల్విస్ అని అడిగాడట స్టోలర్!

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1953లో థార్న్‌టన్ రికార్డు వచ్చిన కొద్ది వారాలకే మెంఫిస్ నగరంలో సన్ అనే చిన్న కంపెనీ దానికి జవాబుగా 'బేర్ క్యాట్' అనే పాట వేసింది. రూఫస్ థామస్ పాడాడు. బాణీ అదే, మాటలు మగవాడి వైపు నుంచి. పీకాక్ యజమాని డాన్ రోబీ కోర్టుకెక్కి గెలిచాడు. పరిహారం అతని కంపెనీకి వెళ్ళింది గానీ పాడిన థార్న్‌టన్‌కి కాదు. ఆ ఓడిపోయిన సన్ కంపెనీయే మరుసటి ఏడు, 1954లో, ఎల్విస్ మొదటి రికార్డు వేసింది. చరిత్రలో ఇలాంటి ముడులు చూస్తే భలే ఆశ్చర్యంగా ఉంటుంది.

అయితే పాడినామెకి ఎందుకు రాలేదు? చట్టం చూసేది కాగితం మీద ఉన్న మాటలనీ బాణీనీ. రాసినవాళ్ళకీ, ఆ హక్కు కొన్నవాళ్ళకీ వాటా ఉంటుంది. మధ్యలోని కేకలు, మాటలు, ఊళలు తానే కలిపానని థార్న్‌టన్ తర్వాత చెప్పింది. మనం ఆ రికార్డుని ఇష్టపడేది సరిగ్గా వాటి కోసమే. కానీ అవి కాగితం మీద లేవు. గొంతులో ఉన్నాయి. గొంతుని ఎవరూ లెక్కల పుస్తకంలో రాయలేదు.

దొంగతనమా?

ఇదంతా చదివాక "అయితే ఎల్విస్ దొంగ" అని తేల్చెయ్యాలనిపిస్తుంది. చాలామంది అలాగే తేల్చేస్తారు కూడా. నాకు అది సరిగ్గా అనిపించదు. ఒకటి, పాట రాసినవాళ్ళు తెల్లవాళ్ళు. నల్లజాతి సంగీతాన్ని నేర్చుకుని, నల్లజాతి గాయని కోసం రాశారు. రెండు, ఎల్విస్ పాట వాడుకున్నందుకు రాసినవాళ్ళకి డబ్బు వెళ్ళింది. మూడు, తాను ఈ సంగీతాన్ని కనిపెట్టానని ఎల్విస్ చెప్పలేదు. అదే 1956లో ఒక పత్రిక వాళ్ళతో మాట్లాడుతూ, నల్లజాతివాళ్ళు తనకంటే ఎన్నో ఏళ్ళ ముందు నుంచే ఇలా పాడుతున్నారనీ, తాను వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాననీ చెప్పాడు. తన మొదటి రికార్డులోని పాట ఎవరిదో ఆ ఆర్థర్ క్రూడప్ పేరు కూడా చెప్పాడు.

మరి తప్పెక్కడుంది? తలుపు దగ్గర ఉంది. అలబామాలో, అంటే థార్న్‌టన్ పుట్టిన రాష్ట్రంలోనే, మాంట్‌గొమరీ నగరంలో అదే 1956 పొడుగునా నల్లజాతివాళ్ళు సిటీ బస్సులెక్కకుండా నడిచి వెళ్ళేవాళ్ళు. బస్సులో వెనక కూర్చోమన్నందుకు చేసిన పోరాటం అది. బస్సులోనే ముందు సీటు ఇవ్వని దేశం జాబితాలో ముందు స్థానం ఇస్తుందా? అదే పాట తెల్ల కుర్రాడి నోట వచ్చేసరికి అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. ఎల్విస్ తలుపు వెయ్యలేదు. కానీ తెరిచింది అతనికి మాత్రమే. ఈ తేడా చెప్పకుండా ఎవరో ఒకరిని దొంగ అనేస్తే, అసలు తలుపు వేసినవాళ్ళు తప్పించుకుంటారు.

ఇంకోలా కూడా జరగొచ్చని చూపించే ఉదాహరణ ఒకటి థార్న్‌టన్ జీవితంలోనే ఉంది. 'బాల్ అండ్ చెయిన్' అనే పాట ఆమె స్వయంగా రాసింది. జానిస్ జోప్లిన్ అనే తెల్ల గాయని అది విని ఇష్టపడి, 1967లో మాంటెరే సంగీతోత్సవంలో పాడి పెద్ద పేరు తెచ్చుకుంది. ఆమె ఆ పాట మెల్లగా, ఏడుస్తున్నట్టు, తన పద్ధతిలో పాడింది. కానీ అది థార్న్‌టన్ పాట అని చెప్పేది. అందువల్ల థార్న్‌టన్‌ని మళ్ళీ జనం పిలిచి విన్నారు. హక్కుల కాగితాలు కంపెనీ చేతిలో ఉండడం వల్ల డబ్బు విషయంలో ఈసారి కూడా ఆమెకి అన్యాయమే జరిగింది. అయినా పేరు మిగిలింది. పేరు చెప్పడానికి పైసా ఖర్చు కాదు. అది కూడా చెయ్యకపోతే ఎలా?

ముద్ర

మొదట్లో ఒక మాట చెబుతానన్నాను కదా. మనం ఉండే తమిళనాట కచేరీల్లో త్యాగయ్య కృతులు పాడతారు. పాడేవాళ్ళలో చాలామందికి తెలుగు రాదు. కొందరు మాటని నడిమికి విరిచి పాడితే అర్థం ఎటో పోతుంది. మా ఇంట్లో పెద్దవాళ్ళు విని "అయ్యో" అనుకుంటారు. అయినా సంగీతం బాగుంటుంది, వింటారు, తల ఊపుతారు. మాటల అర్థం పోయినా పాట బాగుండొచ్చునని దీన్ని బట్టి మనకి తెలుసు. ఎల్విస్ రికార్డు కూడా అలాంటిదే.

కానీ ఒక పెద్ద తేడా ఉంది. త్యాగయ్య చివరి చరణంలో తన పేరు పెట్టాడు. దాన్ని ముద్ర అంటారు. తెలుగు వచ్చినా రాకపోయినా, పాడేవాళ్ళెవరైనా ఆయన పేరు పలకకుండా పాట ముగించలేరు. క్షేత్రయ్య తన పదాల్లో మువ్వగోపాలుణ్ణి పెట్టాడు. అన్నమయ్య వేంకటేశ్వరుణ్ణి పెట్టాడు. పాట ఎన్ని నోళ్ళు మారినా ఎవరిదో తెలిసిపోతుంది. ఎన్ని వందల ఏళ్ళ ముందు ఆలోచించారో చూడండి!

థార్న్‌టన్‌కి అలాంటి ముద్ర లేదు. ఆమె ముద్ర ఆమె గొంతే. ఆ ఊళలు, ఆ వెటకారం, ఆ నిదానం. వేరేవాళ్ళు పాడగానే అది పోయింది. ముద్రతో పాటే పేరూ పోయింది. ఇక్కడ మనం కూడా కాస్త ఆలోచించాలి. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పాడే దంపుళ్ళ పాటలకి, జోలపాటలకి ముద్రలేవి? అవి కట్టిన ఆడవాళ్ళు ఎవరో మనకి తెలియదు. 'జానపదం' అని ఒక్క మాట రాసేసి ఊరుకుంటాం. వాళ్ళూ ఎవరి ఇంటి గుమ్మంలోనో నిలబడి, ఎవరినో చూసి, కోపం వచ్చో నవ్వొచ్చో కట్టినవే కదా.

ఆలస్యంగా వచ్చిన పేరు

క్లీవ్‌లాండ్ నగరంలో 'రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్' అనే సంస్థ మ్యూజియం ఉంది. గొప్ప సంగీతకారుల పేర్లని ఏటా ఆ సంస్థ జాబితాలో చేరుస్తారు. 1986లో మొదటి జట్టులోనే ఎల్విస్ పేరు చేర్చారు. 1987లో లీబర్, స్టోలర్ పేర్లు చేర్చారు. థార్న్‌టన్ పేరు 2024లో చేర్చారు. అప్పటికి ఆమె చనిపోయి నలభై ఏళ్ళు. 1984 జులైలో, 57 ఏళ్ళ వయసులో, లాస్ ఏంజెలెస్‌లో ఆమె కన్నుమూసింది. గ్రామీ వాళ్ళ గౌరవ జాబితాలోకి ఎల్విస్ రికార్డు 1988లో వెళ్తే, ఆమె రికార్డు 2013లో వెళ్ళింది. మొదట పాడినామెకి గుర్తింపు చివర వచ్చింది.

ఆలస్యమైనా రావడం మంచిదే. కానీ నేను ఈ వ్యాసం రాసింది ఆమె మీద జాలితో కాదు. ఆమె గురించి చదివితే ముందు జాలి కలుగుతుంది, నిజమే. రికార్డు వింటే మాత్రం జాలి ఎగిరిపోతుంది. అంత ధీమాగా, అంత హాయిగా ఒకడి పరువు తీస్తున్న మనిషిని చూసి ఎవరు జాలిపడతారు? ఆమెకి మనం ఇవ్వాల్సింది జాలి కాదు, చెవి.

అందుకని నాదొక సలహా. రెండు రికార్డులూ ఇప్పుడు ఎవరి ఫోనులోనైనా దొరుకుతాయి. రెండూ కలిపినా ఆరు నిమిషాలు పట్టవు. ముందు థార్న్‌టన్‌ది వినండి. తర్వాత ఎల్విస్‌ది. తర్వాత మళ్ళీ థార్న్‌టన్‌ది. మూడోసారి విన్నప్పుడు మొదట వినపడనివి వినపడతాయి. విన్నాక మీకు ఎల్విస్‌దే నచ్చితే అదీ సబబే, మన బడిలో వాదించుకుందాం. ఇంకోటి, మన బడి క్విజ్‌లో ప్రశ్నలు తయారుచేసేవాళ్ళకి: "హౌండ్ డాగ్ పాడిందెవరు?" అని అడగకండి. "రాసిందెవరు? మొదట పాడిందెవరు? పేరు ఎవరికొచ్చింది? డబ్బు ఎవరికొచ్చింది?" అని నాలుగు ప్రశ్నలుగా అడగండి. నాలుగు మార్కులూ ఇవ్వండి.